వేడి చేస్తే ఇంకా బాగా కరగాలి కదా, మరి కెటిల్ అడుగున ఈ తెల్ల పెచ్చులు ఎందుకు?

కడప_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది కడప, బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది, మారతహళ్ళి వైపు ఉంటాం. మా అపార్ట్‌మెంటుకి కావేరి కనెక్షన్ లేదు, బోరు నీళ్ళే, అవి చాలకపోతే ట్యాంకర్. మా వాడు తొమ్మిదో తరగతి. మొన్న ద్రావణాల పాఠం చదువుతూ చదువుతూ లేచి వంటింట్లోకి వచ్చి, నేను నీళ్ళు కాస్తున్న కెటిల్ మూత తీసి చూపించి అడిగాడు. "అమ్మా, వేడి పెరిగితే ద్రావణీయత, అంటే నీళ్ళలో కరిగే గుణం, పెరుగుతుందని బుక్‌లో ఉంది. టీలో చక్కెర గబుక్కున కరుగుతుంది, సరే. మరి ఇందులో రోజూ వేడే చేస్తున్నాం కదా, చల్లటి నీళ్ళలో కరిగి ఉన్నది వేడి నీళ్ళలో ఇంకా బాగా కరిగి ఉండాలి కదా, అది బయటికొచ్చి అడుగున ఎందుకు కూర్చుంది?"

నేను బీకామ్ చదివాను, నాకు జవాబు తెలియలేదు. వాళ్ళ సైన్స్ టీచర్‌ని అడిగితే ఇది పరీక్షకి రాదు అన్నారట. వాడికి అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

ఆ పొర ఎలా ఉందంటే, సుద్దముక్క రంగు, స్పూనుతో గీరితే పెచ్చులుగా ఊడుతుంది, వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా గరగర. మా వాడు ఆ పెచ్చులు కాసిని గ్లాసులో వేసి వేడి నీళ్ళు పోసి పది నిమిషాలు కలిపాడు. ఒక్క పిసరు కూడా కరగలేదు. నీళ్ళలోంచి వచ్చిందే నీళ్ళలో కరగకపోవడం ఏంటో వాడికి అంతుపట్టడం లేదు. తొమ్మిదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా?

శివ_హెచ్ఎస్ఆర్:

సింపుల్ అండీ. నీళ్ళు ఆవిరైపోతాయి, అందులో ఉన్న ఉప్పులు మిగిలిపోతాయి. ఉప్పు మళ్ళలో ఉప్పు తేలినట్టే. ఇందులో ద్రావణీయత గొడవేమీ లేదు.

రిటైర్డ్_సైన్స్_మాస్టారు:

అమ్మా, ముందు మీ అబ్బాయికి నా తరఫున శభాష్ చెప్పండి. ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను, ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న కోసం ఎదురుచూసేవాణ్ణి, అడిగినవాళ్ళు చాలా తక్కువ.

శివగారు చెప్పింది కుళాయి మీద తెల్ల మరకలకి, బకెట్ అంచు చారలకి సరిపోతుంది. అక్కడ బొట్టు మొత్తం ఆరిపోయి అందులో ఉన్నది మిగులుతుంది. కెటిల్‌లో అలా కాదు. కెటిల్‌కి మూత ఉంటుంది, లీటరు నీళ్ళు కాస్తే ఆవిరయ్యేది కొద్దిగానే, మిగతా నీళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. మామూలు ఉప్పయితే 100 గ్రాముల నీళ్ళలో సుమారు 36 గ్రాములు కరుగుతుంది, అంటే లీటరులో 360 గ్రాములు. బోరు నీళ్ళలో కరిగి ఉన్నవన్నీ కలిపినా సాధారణంగా లీటరుకి ఒకటి రెండు గ్రాములు దాటవు. ఇన్ని నీళ్ళు ఉండగా ఉప్పు బయటికి వచ్చి కూర్చోవలసిన అవసరమే లేదు. పైగా అది ఉప్పయితే మర్నాడు మళ్ళీ నీళ్ళు పోయగానే కరిగిపోవాలి. మీ వాడు పది నిమిషాలు కలిపినా కరగలేదంటే అది వేరే పదార్థమన్నమాట. వాడు చేసిన ఆ గ్లాసు ప్రయోగంలోనే సగం జవాబు ఉంది.

మిగతా సగం ఇది. చల్లటి నీళ్ళలో కరిగి ఉన్న పదార్థం వేరు, అడుగున కూర్చున్న పదార్థం వేరు. మధ్యలో ఒక రసాయన చర్య జరిగింది.

వాన నీళ్ళు మట్టిలోంచి ఇంకేటప్పుడు అక్కడున్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారతాయి. గాలిలో కన్నా మట్టిలో ఆ వాయువు చాలా ఎక్కువ, వేళ్ళూ సూక్ష్మజీవులూ వదులుతూ ఉంటాయి. ఆ ఆమ్లపు నీళ్ళు రాళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంలని పట్టుకొస్తాయి. అలా వచ్చిన కాల్షియం బోరు నీళ్ళలో ఎక్కువగా బైకార్బొనేట్ రూపంలో, అంటే కాల్షియం అయాన్లు, బైకార్బొనేట్ అయాన్లు (అయాన్లంటే విద్యుదావేశం ఉన్న కణాలు) విడివిడిగా తేలుతూ ఉంటుంది. ఇది నీళ్ళలో హాయిగా కరిగి ఉండే రూపం. నిజానికి కాల్షియం బైకార్బొనేట్ నీళ్ళలో తప్ప ఉండదు, పొడిగా సీసాలో పెట్టి చూపించమంటే ఎవరూ చూపించలేరు.

ఇప్పుడు వేడి చేశారు. వాయువులకి వేడి పడదు, కార్బన్ డయాక్సైడ్ బుడగలై వెళ్ళిపోతుంది. అది వెళ్ళిపోతే బైకార్బొనేట్ నిలబడలేదు, విడిపోయి కార్బొనేట్ అవుతుంది, కాస్త నీరు వస్తుంది. ఆ కార్బొనేట్, కాల్షియం కలిస్తే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి, చలువరాయి, కోడిగుడ్డు పెంకు, ఇవన్నీ ఏ పదార్థమో అదే. మామూలు నీళ్ళలో అది కరిగేది లీటరుకి 15 మిల్లీగ్రాముల లోపు. చిటికెడులో చిటికెడు కూడా కాదు. ఇంక అది కూర్చోక ఏం చేస్తుంది?

కాబట్టి బుక్‌లో ఉన్న వాక్యం తప్పు కాదు, అది ఇక్కడ వర్తించదు అంతే. ఆ వాక్యం పదార్థం మారకుండా ఉన్నంతవరకే. చక్కెర చల్లటి నీళ్ళలో ఉన్నా వేడి నీళ్ళలో ఉన్నా చక్కెరే. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళలో 200 గ్రాముల పైన కరుగుతుంది, మరిగే నీళ్ళలో దానికి రెట్టింపుకి మించి కరుగుతుంది. అందుకే పాకం పట్టగలుగుతున్నాం. ముదురు పాకం దించి చల్లారనిస్తే గట్టిపడి గింజ కట్టేది కూడా అందుకే, వేడి మీద మోసిన చక్కెరని చల్లారాక ఆ నీళ్ళు మోయలేవు. అదీ ద్రావణీయత కథ. కెటిల్‌ది ద్రావణీయత కథ కాదు, విఘటనం, అంటే పదార్థమే విడిపోయే కథ.

నీళ్ళలో ఇలా కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉండటాన్ని కాఠిన్యత అంటారు. బైకార్బొనేట్ల వల్ల వచ్చేదాన్ని, మరిగిస్తే పోతుంది కాబట్టి, తాత్కాలిక కాఠిన్యత అంటారు. కాల్షియం, మెగ్నీషియంల సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది శాశ్వత కాఠిన్యత, దాన్ని ఎంత మరిగించినా పోదు. పరీక్షకి ఇది కచ్చితంగా వస్తుంది, ఆ టీచర్‌గారికి చెప్పండి.

మన బొర్రా గుహలు చూశారా, అరకు దారిలో? పైకప్పు నుంచి వేలాడే ఆ రాతి ఊడలు, నేల నుంచి లేచే రాతి స్తంభాలు, అన్నీ ఇదే చర్య. అక్కడ స్టవ్ లేదు, బొట్టు గుహ గాలిలోకి రాగానే కార్బన్ డయాక్సైడ్ కొంచెం కొంచెంగా వదిలేస్తుంది, పిసరంత సున్నపురాయి మిగులుతుంది. గుహకి వేల ఏళ్ళు పట్టిన పని మీ కెటిల్ పది నిమిషాల్లో చేస్తోంది.

ఇంట్లో చేసుకునే ప్రయోగం ఒకటి చెప్తాను. కిళ్ళీలో వేసే సున్నం గోరంత తీసుకుని గ్లాసుడు ఆర్‌ఓ నీళ్ళలో కలిపి మూత పెట్టి రాత్రంతా ఉంచండి. పైన తేరిన నీళ్ళు కదలకుండా వేరే గ్లాసులోకి పావు వంతు వంచండి, అది సున్నపు తేట. అందులో ఉత్త సోడా, గోళీ సోడా దొరికితే మరీ మంచిది, కొంచెం కొంచెంగా పొయ్యండి. నిమ్మ సోడా మాత్రం వద్దు, ఆ పులుపు ప్రయోగాన్ని పాడుచేస్తుంది. మొదట పాలలా తెల్లబడుతుంది. ఆగకుండా పోస్తూ ఉండండి. ఆ తరువాత ఏమవుతుందో నేను చెప్పను, బాబునే చూసి రాయమనండి. చివరికి వచ్చినదాన్ని చిన్న గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టమనండి. సున్నం కళ్ళలో పడకూడదు, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

శివ_హెచ్ఎస్ఆర్:

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. ఆవిరైతే మిగిలిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను, మర్నాడు నీళ్ళు పోస్తే కరగాలి కదా అనే మాట నాకు తట్టనే లేదు. ఒక్క డౌట్. వెనిగర్ పోస్తే మా కెటిల్ శుభ్రంగా పోతోంది, అది కరగడమా, చర్యా?

రిటైర్డ్_సైన్స్_మాస్టారు:

చర్యే. బుసబుసమని బుడగలు వస్తాయి చూడండి, అది కార్బన్ డయాక్సైడ్. కార్బొనేట్ కాస్తా కాల్షియం అసిటేట్ అయిపోతుంది, అది నీళ్ళలో కరుగుతుంది కాబట్టి నీళ్ళతో పాటు పోతుంది. నిమ్మ ఉప్పు కూడా పనిచేస్తుంది, వాసన ఉండదు. మామూలు ఉప్పు, గట్టి పీచు వాడి గీకకండి, స్టీలు పాడవుతుంది.

వైట్‌ఫీల్డ్_ఫెసిలిటీ:

నేను వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో నీళ్ళ ప్లాంటు చూసుకుంటాను, మాది చిత్తూరు. మాస్టారు చెప్పినదానికి నా వైపు నుంచి రెండు మాటలు.

లెక్క వేసి చూస్తే భయమేస్తుంది. బోరు నీళ్ళ కాఠిన్యత లీటరుకి 400 మిల్లీగ్రాములు అనుకోండి, ఇది ఇక్కడ వింతేమీ కాదు. రోజుకి మూడు లీటర్లు కాస్తే నెలకి 36 గ్రాములు. అందులో సగమే తాత్కాలిక కాఠిన్యత అనుకున్నా 18 గ్రాముల సున్నపురాయి, ఒక్క కెటిల్‌లో, ఒక్క నెలలో. గీజర్‌లో రోజుకి వంద లీటర్లు వేడి చేసే ఇల్లయితే మీరే లెక్క వేసుకోండి. ఆ పొర కాయిల్ మీద రాతి గొట్టంలా పేరుకుంటుంది, వేడి నీళ్ళకి చేరదు, కాయిల్ లోపలే కాగి కాగి కాలిపోతుంది. ఊడదీసిన కాయిల్ ఒకటి మా ఆఫీసు బల్ల మీద పెట్టాను, వేలు లావు ఉండాల్సింది మొక్కజొన్న పొత్తు లావు అయింది. ఎవరైనా సాఫ్ట్‌నర్ (నీళ్ళ కాఠిన్యత పోగొట్టే మెషీన్) ఎందుకు, ఖర్చు దండగ అంటే ఆ కాయిల్ చేతికిస్తాను. గీజర్ థర్మోస్టాట్ 50, 55 దగ్గర పెట్టుకుంటే పొర కట్టడం బాగా తగ్గుతుంది.

తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. దాని ప్రకారం మొత్తం కాఠిన్యత లీటరుకి 200 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్నవన్నీ కలిపి, అయితే 500, వేరే దారి లేకపోతే 2000.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సాఫ్ట్‌నర్ పెట్టాక ఇంట్లో టీడీఎస్ మీటర్ ముంచి చూసి అంకె తగ్గలేదు, మీ మెషీన్ పనిచేయడం లేదు అని నాకు ఫోన్ చేస్తారు. సాఫ్ట్‌నర్ ఏదీ తీసెయ్యదండీ, మారుస్తుంది. లోపల రెజిన్ పూసల మీద సోడియం అయాన్లు పట్టుకుని ఉంటాయి. నీళ్ళు వాటి మీదుగా వెళ్తుంటే పూస ఒక కాల్షియం అయాన్‌ని పట్టుకుని బదులుగా రెండు సోడియం అయాన్లని వదులుతుంది. నీళ్ళలో కరిగి ఉన్నవి అలాగే ఉంటాయి, టీడీఎస్ తగ్గదు, కాకపోతే పొర కట్టే కాల్షియం పోయి, పొర కట్టని సోడియం వచ్చింది. పూసలు కాల్షియంతో నిండిపోయాక బాగా చిక్కటి ఉప్పు నీళ్ళు పంపి ఆ కాల్షియంని తరిమేస్తాం, మళ్ళీ సోడియం ఎక్కుతుంది. అపార్ట్‌మెంట్లకి బస్తాలకి బస్తాలు ఉప్పు వచ్చేది దానికే. మీటర్‌కి అయాన్ల వల్ల వచ్చే విద్యుత్ వాహకత మాత్రమే తెలుస్తుంది, అవి ఏ అయాన్లో దానికి తెలియదు. కాఠిన్యత తెలియాలంటే దాని టెస్ట్ కిట్ వేరు, లేదంటే సబ్బు చాలు.

సబ్బు పరీక్ష బాబుతో చేయించండి. రెండు ఒకేలాంటి సీసాలు, ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, రెండింట్లో సబ్బు నీళ్ళు పది చుక్కల చొప్పున వేసి మూత పెట్టి ఇరవైసార్లు ఊపాలి. సబ్బే కావాలి, షాంపూ, డిటర్జెంట్ పనికిరావు, అవి కఠిన జలంలో కూడా నురగ ఇస్తాయి. బోరు సీసాలో నురగ బదులు పెరుగు విరిగినట్టు తెల్ల తెట్టు వస్తుంది. సబ్బులో సోడియం స్థానంలోకి కాల్షియం వచ్చి చేరింది, ఆ కొత్త పదార్థం నీళ్ళలో కరగదు. బాత్రూమ్ నేల మీద జిగటగా పట్టేది అదే.

నెల్లూరు_పిన్ని:

కెమిస్ట్రీ అంతా బాగుంది గానీ కందిపప్పు సంగతి ఎవరూ చెప్పలేదేంటి? పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ వచ్చినా పప్పు పప్పులాగే ఉండేది, నాకు వంట రాదనుకున్నారు అందరూ. చాలా ఏళ్ళ తరవాత తెలిసింది నీళ్ళ దోషం అని. పప్పు గింజలో కణాలని పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు ఉంటుంది, ఉడికేటప్పుడు అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. కఠిన జలంలో కాల్షియం వెళ్ళి ఆ జిగురుకి కుట్లు వేసినట్టు బిగించేస్తుంది. వంట సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ అందులో ఉన్న బి1 విటమిన్ పోతుంది, రోజూ వెయ్యకండి. నేను ఏం చేస్తానంటే ముందు రోజు రాత్రి నీళ్ళు మరిగించి పెట్టేస్తాను, పొద్దునకి అడుగున తెల్లగా దిగి ఉంటుంది, పై నీళ్ళు వంచుకుని అందులో పప్పు నానబెట్టి ఉడికిస్తాను. నాలుగు విజిల్స్ చాలు.

రిటైర్డ్_సైన్స్_మాస్టారు:

అమ్మా, మీరు చేసేది అచ్చంగా తాత్కాలిక కాఠిన్యత తొలగించడమే. స్కాట్లండ్‌కి చెందిన థామస్ క్లార్క్ అని ఒకాయన ఇదే పని మరిగించకుండా చేసే పద్ధతికి 1841లో పేటెంట్ తీసుకున్నాడు, నీళ్ళలో లెక్కగా సున్నం కలపడం. సున్నం వల్ల వచ్చే కాఠిన్యతని సున్నంతోనే తీసేశాడు. పిల్లలకి ఇది చెప్తే నమ్మరు. కలిపిన సున్నం బైకార్బొనేట్‌ని కార్బొనేట్‌గా మార్చేస్తుంది, మొత్తం దిగిపోతుంది, కలిపిన సున్నంతో సహా.

కడప_అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం మొత్తం ఇదే పని మా ఇంట్లో. మాస్టారూ, గోళీ సోడా దొరకలేదు, మామూలు సోడా సీసా తెచ్చాం. సున్నపు తేటలో సోడా రెండు చెంచాలు పొయ్యగానే గ్లాసు పాలగ్లాసు అయిపోయింది. మా వాడు పోస్తూనే ఉన్నాడు. గ్లాసు నిండబోతుండగా ఆ తెలుపు పల్చబడి పల్చబడి గ్లాసు వెనక పెట్టిన పేపర్ మీద అక్షరాలు కనిపించాయి. వాడు గట్టిగా అరిచాడు, పక్కింటివాళ్ళు వచ్చారు ఏమైందని. తరువాత దాన్ని గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టాం. ముందు సన్న బుడగలు, నీళ్ళు ఇంకా మరగలేదు, అప్పుడే మసక మొదలైంది, మరిగేసరికి మళ్ళీ తెల్లగా. థర్మామీటర్ పెట్టి చూస్తే 97 దగ్గరే మరిగాయి, అది తప్పా అని కంగారు పడ్డాడు, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ అని వాళ్ళ నాన్న చెప్పారు.

కానీ వాడు ఇంకో పని చేశాడు. సోడా కలపని ఉత్త సున్నపు తేటని కూడా విడిగా మూత పెట్టి వేడి చేశాడు, తేడా చూద్దామని. అది కూడా కాస్త మసకబారింది! అందులో బైకార్బొనేట్ లేదు కదా, మరి అదెందుకు? నా దగ్గర జవాబు లేదు మాస్టారూ.

రిటైర్డ్_సైన్స్_మాస్టారు:

ఉత్తదాన్ని కూడా వేడి చేసి చూడాలని వాడికి తట్టింది చూశారా, ఆ బుద్ధి ఉన్నవాడికి సైన్స్ దానంతట అదే వస్తుంది.

సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, ఎదురు స్వభావం గలది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 1.7 గ్రాములు కరుగుతుంది, మరిగే నీళ్ళలో దానిలో సగం కూడా కరగదు. అందుకే తేట వేడెక్కేసరికి ఎక్కువైన సున్నం బయటపడి మసక వచ్చింది. బుక్‌లో వేడితో ద్రావణీయత పెరుగుతుందని ఉన్నచోట "చాలా ఘనపదార్థాలకు" అని ఉండాలి, ఆ రెండు మాటలు పెన్సిల్‌తో రాసుకోమనండి. వాయువులకి అయితే మొత్తం తిరగబడుతుంది. 0 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీలకి 7.5 దగ్గరకి పడిపోతుంది. నడి ఎండాకాలం చెరువులో చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచేది అందుకే.

ఇప్పుడు అసలు తమాషా. ఆ రెండు గిన్నెలూ మూత పెట్టి చల్లారనివ్వండి. గంటలు పట్టినా పరవాలేదు, మధ్యలో మూత తియ్యకుండా గిన్నె కదపండి. సున్నపు తేటది సున్నంగానే ఉంది కాబట్టి చల్లారేకొద్దీ మళ్ళీ కరిగి తేటపడాలి. సోడా కలిపినదాంట్లో పదార్థమే మారిపోయింది, వాయువు గాల్లోకి పోయింది, అది చల్లారినా తేటపడదు.

కడప_అమ్మ:

మాస్టారూ, రాత్రి పదింటికి చూశాం. ఉత్త తేట ఉన్న గిన్నె దాదాపు తేటపడింది, అడుగున గిన్నె కంపెనీ గుర్తు కనిపిస్తోంది. రెండోది తెల్లగా అలాగే ఉంది, అడుగున పలచగా పొర కట్టింది, వేలితో రాస్తే కెటిల్‌లో ఉన్నట్టే గరగర. మా వాడు నోట్సులో రెండు గిన్నెల బొమ్మలు వేసి ఒకదాని కింద "కరగలేకపోయింది", ఇంకోదాని కింద "మారిపోయింది" అని రాసుకున్నాడు. ఆ రెండో గిన్నె కడగనివ్వడం లేదు, రేపు స్కూలుకి పట్టుకెళ్తాడట. ఇందాకే మూతకి రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాడు.